కార్తీక వనభోజనాలకు కులం దేనికి? సంఘాల పెద్దలకు, ప్రజాప్రతినిధులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కుల సంఘాల అధ్యక్ష కార్యదర్శులకు, వనసమారాధన కమిటీల వారికి, ఆ భోజనాలకు ముఖ్య అతిథులుగా వెళ్లే ఎమ్మెల్యేలకు, మంత్రులకు,

నమస్కారం.

కార్తీకం వెళ్లిపోయింది. తోటల్లో షామియానాలు విప్పేశారు గానీ ఫ్లెక్సీలు కొన్ని ఇంకా కరెంటు స్తంభాలకు వేలాడుతూనే ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో కులం పేరు, కింద 'ఆత్మీయ వనసమారాధన'. ఆ పేర్లు ఇక్కడ రాయను. రాస్తే నాది ఏ కులమో వెతకడం మొదలవుతుంది, ఉత్తరం చదవడం ఆగిపోతుంది.

నిరుడే ఈ సంగతి మీద మా కాలనీలో కొన్ని కుటుంబాలం కలిసి వినతిపత్రం రాశాం. కార్తీకంలో ఆదివారాలన్నీ సంఘాల వారీగా పంచేసుకున్నారు, ఒక్క ఆదివారం అందరికీ కలిపి పెట్టండి అని అడిగాం. సంఘాల పెద్దలకు ఇచ్చాం, మైదానం కేటాయించే ఆఫీసులోనూ ఇచ్చాం. రశీదు వచ్చింది, జవాబు రాలేదు. ఈ ఏడాదీ అదే తంతు. ఒక పెద్దమనిషి మాత్రం నవ్వుతూ, "తినే తిండి దగ్గర కూడా రాజకీయం ఎందుకండీ మాస్టారూ" అన్నారు. మేం అడిగిందీ అదే. ఎవరూ వినలేదు కాబట్టి నలుగురి ముందూ అడుగుతున్నాం.

వనభోజనం మన సంప్రదాయం అని మీరు ప్రతి ఆహ్వాన పత్రిక మీదా వేస్తున్నారు. సరే, ఆ సంప్రదాయాన్నే చూద్దాం.

వనభోజనం అనగానే తెలుగువాడికి మొదట గుర్తొచ్చేది పోతన భాగవతం. యమున ఒడ్డున ఇసుకతిన్నె మీద గోపబాలురు చల్దిమూటలు విప్పుకుని చుట్టూ కూర్చుంటారు. నడుమ కృష్ణుడు. ఎడమ చేతిలో మీగడ పెరుగు కలిపిన చల్దిముద్ద, వేళ్ల సందుల్లో ఊరగాయ ముక్కలు. ఒకడి కంచంలోది ఇంకొకడు గబుక్కున మింగేసి, ఏదీ చూడు, లేదుగా అని నోరు తెరిచి చూపిస్తాడు. ఎంగిలి అన్న ఊసే లేదక్కడ. యజ్ఞాల్లో హవిస్సు అందుకోవలసినవాడు పశువుల కాపరులతో కూర్చుని చద్దన్నం తింటుంటే దేవతలు పైనుంచి ఆశ్చర్యంగా చూశారట. ఈ మాట చెబితే ఒక మిత్రుడు, "వాళ్లంతా ఒకే కులం పిల్లలు కదా, అదీ కుల వనభోజనమే" అన్నాడు. మధ్యలో కూర్చున్నవాడు ఎవరి కొడుకో మర్చిపోయి అన్నాడు. వసుదేవుడి కొడుకు, క్షత్రియుడు.

ఇంకో సంగతి. ఆ కృష్ణుడే పెద్దవాడై పాండవుల తరఫున రాయబారానికి బయల్దేరింది కూడా కార్తీక మాసంలోనే, రేవతీ నక్షత్రాన, అని వ్యాసభారతం. హస్తినలో దుర్యోధనుడు ఘనంగా విందు సిద్ధం చేయించాడు. కృష్ణుడు ముట్టలేదు. ఎందుకు తినవని అడిగితే సూటిగా చెప్పాడు: ఒకరి ఇంట అన్నం ప్రేమ ఉంటే తినాలి, లేదా ఆపదలో ఉంటే తినాలి, నీకా ప్రేమ లేదు, నాకా ఆపద రాలేదు. చెప్పి, దాసీపుత్రుడైన విదురుడి ఇంటికి వెళ్లి భోంచేశాడు. ఎవరి విస్తట్లో తింటే వారి పక్షాన నిలబడ్డట్టే అని ఆ రాయబారికి తెలుసు. మన ఎమ్మెల్యేలకూ బాగా తెలుసు. అందుకే ఒకే ఆదివారం మూడు తోటలు తిరిగి మూడు చోట్లా తలా ఒక ముద్ద తిని, మూడు చోట్లా 'నేను మీవాణ్నే' అని మైకులో చెప్పి వస్తారు.

పల్నాటి సంగతి మీకు నేను చెప్పేదేముంది? పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి కూడు తినిపించాడు. చాపకూడు అన్నారు దాన్ని. మాల కన్నమదాసు ఆయన సేనానుల్లో ఒకడు. ఆ కథ శ్రీనాథుడి పేరుతో ద్విపదగా నిలిచింది, దాన్ని పాడే వీరవిద్యావంతుల నోట ఊరూరా తిరిగింది. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున జరిగిన యుద్ధాన్ని చాపకూడు ఆపలేకపోయిన మాట నిజమే. అయినా ఇప్పటికీ కారెంపూడి వీరుల ఉత్సవాల్లో చాపకూడు పెడుతూనే ఉన్నారు. ఆ ఉత్సవాలు మొదలయ్యేది ఎప్పుడనుకున్నారు? కార్తీక అమావాస్యకు. అంటే మీరు కులానికో తోట చొప్పున భోజనాలు పెట్టి, మైకులు సర్దుకుని ఇళ్లకు చేరే సమయానికి అక్కడ చాప పరుస్తున్నారన్నమాట. విచిత్రం ఏమిటంటే, ఆ బ్రహ్మనాయుణ్ని కూడా 'మా కులపు వీరుడు' అని చెప్పుకునేవాళ్లున్నారు.

అన్ని కథలూ మన పక్షమే అని బుకాయించను. క్షీరసాగర మథనం తర్వాత మోహిని దేవతలను ఒక వరుసలో, రాక్షసులను ఇంకో వరుసలో కూర్చోబెట్టి, వడ్డన ఒక వరుసకే చేసింది. పక్క వరుసలోకి దూరి కూర్చున్న రాహువు తల తెగింది. సూర్యుడు, చంద్రుడు చాడీ చెప్పారన్న ఆ పగ గ్రహణాల రూపంలో ఇప్పటికీ నడుస్తోందని కథ. రెండు వరుసల వడ్డన గురించి ఇంతకన్నా గట్టిగా ఎవరు చెప్పారు? అలాగే, ఒకే పంక్తిలో కూర్చున్నవారికి వడ్డనలో తేడా చేస్తే పాపమన్న పెద్దలే, అసలు ఆ పంక్తిలో ఎవరెవరిని కూర్చోనివ్వకూడదో జాబితాలూ రాశారు. మనుస్మృతి మూడో అధ్యాయంలో ఆ జాబితా బారెడు ఉంటుంది. రెండూ మన వారసత్వమే. ఏది తీసుకోవాలన్నది మన చేతుల్లో ఉంది. జనం ఏది తీసుకున్నారో శబరి కథ చెబుతుంది. వాల్మీకి రామాయణంలో శబరి పళ్లు సేకరించి పెట్టింది గానీ కొరికి రుచి చూసి పెట్టినట్టు లేదు. ఆ ఎంగిలిని తర్వాతి కాలపు జనం కోరి చేర్చుకున్నారు. రాముడు తమ ఎంగిలి తిన్నాడని చెప్పుకోవలసిన అవసరం ఎవరికి ఉండి ఉంటుందో ఆలోచించండి.

చరిత్రలోకి వస్తే ఇది ఇంకా కటువుగా కనిపిస్తుంది. మన ఊళ్లలో వెలి అంటే ఏమిటి? జైలు కాదు, జరిమానా కాదు. ఆ ఇంట ఎవరూ చేయి కడగరు, ఆ ఇంటివాళ్లను ఏ విస్తరి ముందూ కూర్చోనివ్వరు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, దానికి వెళ్లినవాళ్ల మీద ప్రయోగించిన ఆయుధం ఈ వెలే. 1917 మే 29న కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ అనే యువకుడు, తన కులంవాళ్లు తమకన్నా కిందివారిగా చూసే పులయ కుర్రాళ్లతో కలిసి బహిరంగంగా భోజనం చేశాడు. ఆయన పుట్టిన ఈళవ కులాన్ని పైవాళ్లు అంటరానిదిగా చూసేవారు. అయినా ఆయన్ని వెలివేసింది ఆ ఈళవ పెద్దలే. 'పులయన్ అయ్యప్పన్' అని వెక్కిరించారు. తమిళనాట చేరన్మాదేవి గురుకులంలో ఇద్దరు బ్రాహ్మణ విద్యార్థులకు విడిగా భోజనం పెట్టారన్న గొడవ కాంగ్రెస్ పార్టీని కుదిపేసింది. 1925లో పెరియార్ ఆ పార్టీని వదిలేయడానికి దారితీసిన కారణాల్లో అదొకటి. ఇద్దరు పిల్లల కంచాలు! తిండి దగ్గర రాజకీయం ఎందుకన్న పెద్దమనిషికి ఇదే నా జవాబు.

ఇక మీ వనభోజనాల వల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో చెబుతాను.

1. ముందు పిల్లలు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇద్దరు మూడో తరగతి పిల్లలు సైకిళ్లు పట్టుకుని మాట్లాడుకుంటున్నారు. "నిన్న మా వనభోజనాల్లో ఐస్‌క్రీం పెట్టారు, నువ్వెందుకు రాలేదు?" అన్నాడొకడు. "మాది వచ్చే ఆదివారం" అన్నాడు రెండోవాడు. "మీది వేరేనా?" అని మొదటివాడు వాళ్లమ్మ వైపు చూశాడు. ఆవిడ "పదరా, హోంవర్క్ ఉంది" అని లోపలికి తీసుకెళ్లిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు ఆ వయసు పిల్లాడికి మీరైతే ఏమని చెబుతారు? బడిలో వాళ్లను ఒకే వరుసలో కూర్చోబెట్టడానికి ఈ దేశం చాలా కష్టపడింది. వండిన మధ్యాహ్న భోజనం పెట్టి తీరాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. వంటవాళ్ల నియామకంలో దళితులకు, షెడ్యూల్డు తెగలవారికి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో మళ్లీ చెప్పింది. వారమంతా బడి నేర్పినదాన్ని ఆదివారం తోటలో మీరు చెరిపేస్తున్నారు.

2. కులాంతర వివాహం చేసుకున్నవాళ్లు. వీళ్ల గురించి మీ కమిటీల్లో ఎవరైనా ఎప్పుడైనా మాట్లాడారా? భర్త తరఫు వనభోజనానికి వెళితే ఆమె కోడలు కాదు, 'ఫలానా కులపు అమ్మాయి'. భార్య తరఫుకు వెళితే అతనికి కుర్చీ వేస్తారు, మర్యాద చేస్తారు, పక్కన మాత్రం ఎవరూ కూర్చోరు. మాకు తెలిసిన ఒక జంట కార్తీకం ఆదివారాల్లో ఊరు వదిలి వెళ్లిపోతుంది. గుడికి వెళుతున్నామని చెబుతారు. వాళ్ల పాపకు ఇప్పుడు మాటలు బాగా వస్తున్నాయి, ఇంకెన్నాళ్లు గుడి పేరు చెప్పగలరో తెలియదు. కులాంతర వివాహాలకు ప్రభుత్వమే ప్రోత్సాహకం ఇస్తుంది. శనివారం ఆ చెక్కు అందిస్తూ ఫొటో దిగిన నాయకుడే, ఆదివారం కుల వనభోజనంలో 'మన పిల్లలకు మనలోనే సంబంధాలు చూసుకోవాలి' అని ప్రసంగిస్తే ఆ జంట ఏ మాట నమ్మాలి? వధూవరుల పరిచయ వేదిక బల్ల అన్నం బంతి పక్కనే వేస్తున్నారు మీరు. అదేమీ యాదృచ్ఛికం కాదు.

3. ఆఫీసులు. పెన్షన్ పని మీద ఒక ప్రభుత్వ కార్యాలయంలో బెంచీ మీద కూర్చుని ఉండగా చూసిందిది. అటెండర్ కార్డుల కట్ట పట్టుకుని వచ్చాడు. ఒక టేబుల్ దగ్గర ఆగి, "సార్, ఆదివారం మనవాళ్ల వనభోజనాలండి, అమ్మగారిని, పిల్లల్ని తీసుకుని రావాలి" అని ఇచ్చాడు. పక్క టేబుల్ దాటేశాడు. తర్వాతి రెండూ దాటేశాడు. కిటికీ దగ్గరి టేబుల్ మీద మళ్లీ ఒకటి పెట్టాడు. ఎవరి దగ్గర ఆగాలో అతనికి లిస్టు చూడాల్సిన పని పడలేదు. దాటేసిన టేబుళ్లవాళ్లు తలెత్తలేదు, అలవాటైపోయింది. నా పక్కన కూర్చున్న రైతు మాత్రం ఇదంతా గమనించి, "మన ఫైలు ఏ టేబుల్ మీదుందండీ?" అని మెల్లగా అడిగాడు. అతని టెన్షన్ అతనిది. ఆ ఫైలు న్యాయంగానే కదులుతుందేమో, కానీ ఆ రైతును ఇప్పుడెవరు నమ్మించగలరు?

4. ఏ సంఘమూ లేనివాళ్లు. నాలుగిళ్లున్న చిన్న కులాలవాళ్లు, వలస వచ్చినవాళ్లు, వాచ్‌మన్ కుటుంబాలు. మీ భోజనాలన్నిటికీ వంటవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు, విస్తళ్లెత్తేవాళ్లు వాళ్లలోంచే వస్తారు. నాలుగు ఆదివారాలూ పని దొరుకుతుంది. పంక్తిలో చోటు ఒక్క ఆదివారం కూడా దొరకదు.

5. ఓట్లు. కులం పేరు చెప్పి ఓటు అడగడం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ కింద అవినీతి చర్య. అభ్యర్థి కులమే కాదు, ఓటరు కులం పేరు చెప్పి అడిగినా తప్పేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచ్ మెజారిటీ తీర్పులో చెప్పింది. పులిహోర పెట్టి, 'మన జనాభా ఇంత, మన సీట్లు ఇన్నేనా' అని లెక్కలు చెప్పే సభకు వనభోజనం అని పేరు పెడితే చట్టానికి దొరకకపోవచ్చు. వింటున్నవాళ్లకు అర్థం కాదా?

మీరు చెప్పే సమాధానాలు కూడా విన్నాం. సంఘం వల్ల పేద విద్యార్థులకు ఫీజులు కడుతున్నాం, హాస్టల్ నడుపుతున్నాం అంటారు. మంచిదే, కొనసాగించండి. సంఘం మూసేయమని మేం అనలేదు. మీటింగ్ మీటింగ్‌లా పెట్టుకోండి, చందాలు వసూలు చేసుకోండి. ఉసిరి చెట్టును, కార్తీకాన్ని, దేవుడి పేరును అందులోకి లాగడం దేనికి? దామోదర పూజకు కుల ధ్రువీకరణ పత్రం అడిగిన పురాణం ఏదైనా ఉంటే చూపించండి.

దళిత సంఘాలు కూడా పెట్టుకుంటున్నాయి కదా, వాళ్లను అడగరేం అని ఇంకొందరు. తరతరాలుగా పంక్తిలోంచి లేపేయబడినవాళ్లు ఒకచోట చేరి తినడాన్ని, లేపేసినవాళ్లు మళ్లీ గోడ కట్టుకుని తినడాన్ని ఒకే తక్కెడలో వేయలేను. పెద్ద సంఘాలు ముందు తలుపు తీస్తే ఆ ప్రశ్న అడిగే హక్కు వస్తుంది.

కలిసి ఒక పూట తింటే కులం పోతుందా అన్నది అసలైన ప్రశ్న. పోదు. ఈ మాట 1936లోనే అంబేడ్కర్ రాశారు: సహపంక్తి భోజనాలు కులాన్ని చంపలేకపోయాయి, అసలు మందు కులాంతర వివాహమే అని. అక్కడిదాకా మీరు ఎలాగూ రారని మాకు తెలుసు. కానీ ఆయన కాలంలో సంస్కర్తలు కలిపి తినిపించడానికి తిప్పలు పడ్డారు. ఇప్పుడు హోటళ్లలో, పెళ్లిళ్లలో, రైళ్లలో అందరూ కలిసి తింటూనే ఉన్నారు, ఎవరూ ఎవర్నీ అడగడం లేదు. ఇలా కలిసిపోయినవాళ్లను ఏరి, మళ్లీ వేర్వేరు తోటల్లో కూర్చోబెట్టడానికి ఇంత ఖర్చు, ఇంత శ్రమ పెడుతున్నది మీరే. పంజాబులో సిక్కుల గురువు అమర్‌దాస్ తన దర్శనానికి వచ్చేవారు ముందు అందరితో పాటు పంక్తిలో కూర్చుని లంగర్ (ఉమ్మడి భోజనం) తినాలని నియమం పెట్టారు. గోయింద్‌వాల్‌కు వచ్చిన అక్బరు కూడా నేల మీద కూర్చుని తిన్నాకే లోపలికి వెళ్లాడని సిక్కుల సంప్రదాయం చెబుతుంది. చక్రవర్తికి లేని ప్రత్యేక తోట మనకెందుకు? మన కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆకలితో వచ్చినవాణ్ని కులం అడగలేదనే కదా ఈనాటికీ ఆమె పేరు తలుచుకుంటున్నాం, బడి భోజనానికి ఆ పేరు పెట్టుకున్నాం.

కాబట్టి మా కోరికలివి.

1. వచ్చే కార్తీకంలో ప్రతి కుల సంఘం తన వనభోజనాల్లో కనీసం ఒకదాన్ని ఊరందరికీ తెరవాలి. 'అందరూ ఆహ్వానితులే' అని ఫ్లెక్సీ మీద వేస్తే చాలదు. పక్క సంఘంతో కలిసి, ఉమ్మడి ఖర్చుతో, ఉమ్మడి వంటతో, కలిపి కూర్చోబెట్టి పెట్టాలి. వంటవాళ్లకు, విస్తళ్లెత్తేవాళ్లకు, వాళ్ల కుటుంబాలకు అదే బంతిలో చోటు ఉండాలి.

2. ఎమ్మెల్యేలు, మంత్రులు ఒక కులానికే పరిమితమైన భోజనాలకు ముఖ్య అతిథులుగా వెళ్లడం మానాలి. వెళ్లక తప్పదంటే కృష్ణుడిలా ముందు కారణం చెప్పండి: ప్రేమ కొద్దీ తిన్నారా, ఆపద కొద్దీ తిన్నారా?

3. మున్సిపల్ పార్కులు, ప్రభుత్వ పాఠశాలల ఆవరణలు కులం పేరుతో వచ్చే దరఖాస్తులకు ఇవ్వకూడదు. ఇస్తే ఏ నిబంధన కింద ఇచ్చారో రాతపూర్వకంగా చెప్పాలి. ఇది నిరుడు మేమిచ్చిన వినతిపత్రంలోనూ ఉంది.

4. ప్రభుత్వ కార్యాలయాల్లో పనివేళల్లో ఈ కార్డుల పంపకం, చందాల వసూళ్లు జరగకుండా శాఖాధిపతులు ఆదేశాలివ్వాలి.

5. కమిటీల్లో కులాంతర దంపతులను సభ్యులుగా తీసుకోవాలి. వాళ్లు ఒక్క సమావేశంలో కూర్చుంటే మీ కార్డు మీద అచ్చు ఎలా మారుతుందో మీరే చూస్తారు.

మైదానాల బుకింగ్ శ్రావణం నుంచే మొదలవుతోంది కాబట్టి ఆషాఢం లోపు మీ నిర్ణయం చెప్పండి. ఒప్పుకున్న సంఘాలతో మా కాలనీ నుంచి వడ్డనకు, సరుకులకు మనుషులం వస్తాం. ఒప్పుకోని సంఘాలు ఆ మాటే కాగితం మీద రాసి, కారణం వేసి, సంతకం పెట్టి పంపండి. మా పిల్లలు అడిగినప్పుడు చూపించడానికి పనికొస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
వినతిపత్రం మీద సంతకాలు చేసిన కుటుంబాల తరఫున